పిన్నీసుకు మూడు తాళంచెవులు

"కాలవ కట్టేశారే, ఊరంతా ఒకటే దుమ్ము" అని అమ్మ ఫోన్లో అన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఒక పిన్నీసు. తుప్పు పట్టి మూసుకుపోయిన పెద్ద పిన్నీసు, దానికి గుచ్చి మూడు తాళంచెవులు. పాతికేళ్ళు దాటిపోయాయి, అయినా అది అరిటాకు ముక్క మీద ఎలా పడుందో ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను.

మాది కోనసీమ, మధ్య డెల్టాలో కాలవ గట్టు మీద ఉన్న చిన్న ఊరు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ రోజు అక్కడున్న చాలామంది ఇంకా బతికే ఉన్నారు. దాళ్వా (రబీ) కోతలు అయిపోయాక ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, మా వైపు కాలవ కట్టెయ్యడం అంటే అదే, మళ్ళీ సార్వాకి (ఖరీఫ్‌కి) జూన్‌లో వదిలేదాకా కాలవ అడుగు బయటపడుతుంది, ఆ వ్యవధిలోనే పూడిక తీసేది, గట్లు వేసేది, తూములు బాగుచేసేది. ఏడాది పొడవునా నీళ్ళ కింద దాగున్నవన్నీ అప్పుడు కనపడతాయి. సొట్టపోయిన బిందెలు, సైకిల్ రిమ్ములు, నిమజ్జనం చేసిన వినాయకుడి చువ్వలు. పిల్లలకి అదొక తిరనాళ్ళ లాగే ఉండేది.

1998 మే నెల, నాకు పదకొండేళ్ళు. అప్పట్లో మా దగ్గర ప్రొక్లెయినర్లు రాలేదు, పారా తట్టా పట్టుకుని కూలీలే పూడిక తీసేవారు. మా ఊరికి ఎగువన తూము పక్కన గుర్రపుడెక్క ఎండి చాపలా పరుచుకున్న చోట ఒకావిడ పార వేస్తే టక్కుమందట. ఎండు కొబ్బరికాయ అనుకుని చేత్తో తీసింది. కొబ్బరికాయ కాదు, మనిషి తల.

ప్రొక్లెయినర్ అయితే ఆ ఎముకలు మట్టితో కలిసి గట్టెక్కి రోడ్డు కింద పడిపోయేవి, ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఆవిడ చేతిపార కాబట్టి ఆగింది, మిగతావాళ్ళు కూడా పనాపి, చేతులతో మట్టి తీసి, దొరికిన ఎముక దొరికినట్టు గోనెసంచి మీద పెట్టారు. చదువు లేని ఆ పదిమంది కూలీలు చేసినంత జాగ్రత్తగా ఆ తర్వాత ఈ కేసులో ఇంకెవరూ ఏదీ చెయ్యలేదని నా నమ్మకం.

కబురు వెళ్ళినా ఆ సాయంత్రానికి పోలీసులు రాలేదు. కాలవ ఇవతలి గట్టు ఒక స్టేషను, అవతలి గట్టు ఇంకో స్టేషను. తూము ఎటు లెక్కకొస్తుందో తేలడానికి తెల్లారింది. రాత్రంతా ఎముకల దగ్గర కాపలా ఉన్నది మా ఊరి తలారి. తలారంటే అప్పటికి జీతం వందల్లో, పని మాత్రం ఇరవై నాలుగ్గంటలూ, ఊళ్ళో అనుమానపు చావు జరిగితే పోలీసులొచ్చేదాకా శవం దగ్గర కూర్చోవాల్సింది ఆయనే. నేను తలారి తాత అనేదాన్ని. అమ్మ గిన్నెలో మజ్జిగన్నం కలిపి, మీద ఆవకాయ ముక్క పెట్టి అన్నయ్యనీ నన్నూ పంపింది, గట్టు మీద నుంచే ఇచ్చి వచ్చెయ్యమని మరీ మరీ చెప్పింది. మేం దిగిపోయాం.

హరికేన్ లాంతరు వెలుగులో ఎముకలు నేను అనుకున్నట్టు తెల్లగా లేవు, టీ మరకలాంటి రంగులో ఉన్నాయి. వాటికి నేను భయపడలేదు. పక్కన అరిటాకు ముక్క మీద తాత విడిగా పెట్టిన వస్తువులు చూశాక మాత్రం కడుపులో ఏదో అయింది. రెండు మట్టెలు, ఏ రంగో చెప్పలేని గుడ్డ పీలికలు, ఆ పిన్నీసు. మూడు తాళంచెవుల్లో ఒకటి ఇత్తడిది, పొడుగ్గా, పాత వీధి తలుపు తాళానిది. రెండోది మామూలు కప్పతాళానిది. మూడోది చిన్నది, ట్రంకుపెట్టెకి వేసే తాళానిది, దాని కంతలో దారం ముడి ఇంకా ఉంది, ఏ తాళంచెవి ఏదో చీకట్లో తడిమి తెలుసుకోవడానికి మా అమ్మ కట్టుకునేలాంటి ముడే.

"ఇవేంటి తాతా?" అన్నాను.

"ఇల్లాలి తాళాలమ్మడూ. బొడ్లో దోపుకుంటారు గదా. ఎవరో తల్లి, ఇంటికి తాళం ఏసుకుని బయల్దేరింది" అన్నాడు.

ఈ కేసు గురించి నేను విన్న మాటల్లో ఇప్పటికీ అన్నిటికన్నా పనికొచ్చే మాట అదే.

మర్నాడు ఎస్సై గారు, ఆసుపత్రి నుంచి డాక్టరు గారు, గ్రామ పరిపాలనాధికారి వీఏవో గారు వచ్చారు. గట్టు మీద చింతచెట్టు కింద శవ పంచనామా రాశారు. అప్పట్లో నేర విచారణ చట్టం సీఆర్పీసీ 174 కింద, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో అదే 194వ సెక్షన్ అయింది, పద్ధతి మాత్రం అదే. మా నాన్న పంచాయతీదారుల్లో, అంటే పంచనామాకి సాక్షులుగా ఉన్న పెద్దల్లో, ఒకరు కాబట్టి అందులో ఏం రాశారో మా ఇంట్లో అందరికీ తెలుసు. "తెల్లని లోహపు మట్టెలు రెండు, తుప్పుపట్టిన పిన్నీసుకు తాళంచెవులు మూడు." అంతే. పోలీసు కాగితాల్లో వెండిని వెండి అని, బంగారాన్ని బంగారం అని రాయరు, పరీక్ష కాకుండా రాయకూడదు కాబట్టి తెల్లని లోహం, పసుపు రంగు లోహం అంటారు. అది న్యాయమే. కానీ మా ఆచారి తాత, ఊరందరికీ మట్టెలు చేసిపెట్టిన మనిషి, అగ్గిపుల్లతో ఆ మట్టెల్ని తిప్పి చూసి, "ఇది మన వైపు పని కాదండీ, మనం సాదా చుట్లు చేస్తాం, దీని మీద గవ్వ అచ్చు పోశారు, ఈ పోత ఎక్కడిదో కనుక్కోవచ్చండీ" అన్నాడు. అందరూ విన్నారు. కాగితం మీదకి మాత్రం రాలేదు.

డాక్టరు గారు మాత్రం ఓపికగా చూశారు, పిల్లలం దూరంగా నిలబడి వింటే మమ్మల్ని తరమలేదు కూడా. కటి ఎముక వెడల్పు, దాని ముందు భాగంలో ఉండే కోణం చూసి ఆడమనిషి అని చెప్పారు. జ్ఞానదంతాలు వచ్చేశాయి, కాబట్టి చిన్నపిల్ల కాదు. కాలర్ బోన్ లోపలి కొస మన ఒంట్లో అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కునే ఎముకట, ఇరవైలు దాటుతుండగా గానీ పూర్తిగా అతుక్కోదు. ఈమెది అతుక్కుని ఎక్కువ కాలం కాలేదు, అందుకని పాతికా ముప్ఫై మధ్య అన్నారు. తొడ ఎముక టేపు పెట్టి కొలిచి ఎత్తు ఐదడుగులకి కాస్త అటూ ఇటూ అన్నారు. ఎలా చనిపోయిందో మాత్రం చెప్పలేకపోయారు. గొంతులో నాలుక మొదట గుర్రపునాడా ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది, గొంతు నులిమితే అది విరిగే అవకాశం ఉంది, అది దొరికుంటే కొంత చెప్పేవారేమో. అలాంటి చిన్న ఎముకలు చాలావరకు దొరకలేదు, దొరికిన వాటిలో విరుపులు లేవు. నీళ్ళలో ఊపిరి ఉండగా పడితే కంటికి కనపడని నాచు, డయాటమ్ అంటారు, రక్తంతో పాటు ఎముక మూలుగ దాకా వెళుతుంది, ఆ నాచునీ ఆ కాలవ నీళ్ళలో నాచునీ పోల్చి మునిగి చనిపోయారా లేదా చూస్తారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మా దగ్గర ఆ పరీక్ష ఎవరూ అడగలేదు.

పేపర్లో జిల్లా పేజీలో అంగుళం వార్త వచ్చింది. గుర్తు తెలియని స్త్రీ అస్థిపంజరం లభ్యం, వయసు సుమారు 30, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. మట్టెల మాట లేదు, తాళంచెవుల మాట అసలే లేదు. పాతికా ముప్ఫై ఏళ్ళ ఐదడుగుల ఆడమనిషి అంటే మన రాష్ట్రంలో ఎంతమంది? ఆ వార్త ఆమె కన్నతల్లి చదివినా పేజీ తిప్పేసి ఉంటుంది.

ఊళ్ళో వారం తిరక్కుండా తీర్పు అయిపోయింది. "తుఫాను శవం." 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా కోనసీమని ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వెయ్యి మందికి పైగా పోయారు, వేటకెళ్ళిన బోట్లతో పాటు ఎందరో మళ్ళీ కనపడలేదు. కాబట్టి ఆ తర్వాత రెండు మూడేళ్ళు ఎక్కడ ఎముక దొరికినా ఆ లెక్కలో వేసెయ్యడం తేలికైపోయింది. పోలీసులకీ తేలిక, ఊరికీ తేలిక.

నేను ఒప్పుకోను, అప్పుడూ ఒప్పుకోలేదు. ఎందుకంటే 1997 మేలో కాలవ కట్టినప్పుడు సరిగ్గా ఆ తూము పక్కనే అన్నయ్య వాళ్ళు క్రికెట్ ఆడేవాళ్ళు, నేను బంతులు అందించేదాన్ని. వికెట్లు పాతడానికి వాళ్ళు తవ్విన గుంటలు అక్కడే. దానికి ముందు కూలీలు అక్కడ అడుగు గట్టిమట్టి తేలేదాకా పూడిక తీసే వెళ్ళారు, పిచ్ గట్టిగా ఉండటానికి కారణమే అది. అంటే తుఫాను వచ్చిన ఆరు నెలలకి ఆ చోట ఎవరూ లేరు. ఆమె కాలవలోకి వచ్చింది 1997 జూన్‌లో నీళ్ళు వదిలాక, 1998 ఏప్రిల్‌లో నీళ్ళు కట్టేసే లోపు. వేడి నీళ్ళు, చేపలు, బురద, పది నెలలు చాలు ఎముకలు మిగలడానికి. మామూలుగా శవం రెండు మూడు రోజుల్లో ఉబ్బి తేలుతుంది, మా వైపు లాకుల దగ్గరో వంతెన గోడలకో తగులుకుంటుంది, ఎవరో ఒకరు చూస్తారు. ఈమె తేలలేదంటే తూము నోట్లో గుర్రపుడెక్క కింద చిక్కుకుపోయి ఉండాలి, లేదా తేలకుండా ఎవరైనా ఏదైనా చేసి ఉండాలి. రెండోది నేను రుజువు చెయ్యలేను. 1997 మేలో అక్కడ ఎవరూ లేరన్నది మాత్రం మా అన్నయ్య క్రికెట్ టీం మొత్తం సాక్ష్యం చెప్పగలదు, కానీ పదేళ్ళ పిల్లల్ని ఎవరడుగుతారు?

పదినెలల గడువు తెలిసిన కేసు అది. ఆ పదినెలల్లో చుట్టుపక్కల స్టేషన్లలో నమోదైన మిస్సింగ్ కేసులు తీసి, ఒక్కో ఇంటికీ వెళ్ళి "మీ అమ్మాయి మట్టెలు ఎలా ఉండేవి, తాళంచెవులు ఎక్కడ పెట్టుకునేది" అని అడిగితే చాలు. ఎవరూ అడగలేదని నాకెలా తెలుసంటే, నాలుగేళ్ళ క్రితం సెలవులకి వెళ్ళినప్పుడు అప్పట్లో ఆ స్టేషనులో పనిచేసి రిటైరైన హెడ్డు గారిని వెతుక్కుంటూ వెళ్ళాను. మంచి మనిషి, టీ ఇప్పించి కూర్చోబెట్టి దాచకుండా చెప్పారు.

"యాక్షన్ డ్రాప్ అయిపోయిందమ్మా అది. క్లెయిమెంట్ ఎవరూ రాలేదు గదా." అంటే ఆమె మా మనిషని ఎవరూ రాలేదు కాబట్టి కేసు మూసేశారు.

"మనం ఎవరినైనా వెతికామా అండీ?"

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "వైర్‌లెస్‌లో మెసేజ్ పెట్టామమ్మా. ఎన్ని స్టేషన్ల నుంచి ఎన్ని మెసేజ్‌లు, ఎవరు చూస్తారు చెప్పు" అన్నారు. తాళంచెవుల సంగతి అడిగితే, స్టేషను పాత బిల్డింగు నుంచి మారినప్పుడు పాత ప్రాపర్టీలో పనికిరానివి తీసేశారని చెప్పారు. పనికిరానివి. ఆ మాట ఆయన చెడుగా అనలేదు, అయినా ఇంటికొచ్చేదాకా నాకు ఏడుపాగలేదు.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినవన్నీ చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు ఒకటే అర్థమవుతోంది, మన దగ్గర లోటు ల్యాబులో లేదు. ఎముక చెప్పగలిగింది చెబుతుంది, కానీ పోల్చి చూడటానికి రెండోవైపు ఒక మనిషి ఉండాలి. పుర్రెనీ ఫోటోనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే పద్ధతి ఉంది, ఎవరి ఫోటో పెడతారు? పంటిలోంచి డీఎన్ఏ తీస్తారు, ఎవరి రక్తంతో పోలుస్తారు? మన హైదరాబాద్‌లో డీఎన్ఏ మీద పనిచేసే పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు హిమాలయాల్లో ఐదువేల మీటర్ల పైన ఉన్న రూప్‌కుండ్ సరస్సు అస్థిపంజరాల్లో 38 మందివి పరీక్షించి, కొందరు క్రీ.శ. 800 నాటి మనదేశపు మనుషులని, 14 మంది మాత్రం క్రీ.శ. 1800 ప్రాంతంలో చనిపోయిన తూర్పు మధ్యధరా మూలాల వాళ్ళని 2019లో తేల్చారు. వెయ్యేళ్ళ కిందటి ఎముక ఏ జాతిదో చెప్పగల ల్యాబు మనకి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే దూరంలో ఉంది. మా కాలవలో ఆవిడ ఎవరి కూతురో మాత్రం ఏ ల్యాబూ తనంతట తను చెప్పలేదు.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర సోమర్టన్ బీచ్‌లో 1948 డిసెంబరు 1న దొరికిన మగమనిషి కథ చాలామంది వినే ఉంటారు. బట్టల మీద లేబుళ్ళన్నీ తీసేసి ఉన్నాయి, డెబ్భై ఏళ్ళు పేరు తెలియలేదు. ముఖానికి అప్పట్లో తీసిన ప్లాస్టర్ అచ్చులో చిక్కుకున్న వెంట్రుకల నుంచి డీఎన్ఏ తీసి, 2022లో ఆయన మెల్‌బోర్న్ మనిషి కార్ల్ వెబ్ అని పరిశోధకులు ప్రకటించారు. వెంట్రుక ఒక్కటే ఆ పేరు చెప్పలేదు, ఎక్కడో దూరపు బంధువులు తమ వంశం తెలుసుకుందామని ఇచ్చుకున్న డీఎన్ఏ ఉంది కాబట్టి కలిసింది. గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం మనందరికీ తెలిసిందే, 2019 సెప్టెంబరు 15న మునిగితే బోటు బయటికొచ్చింది 38వ రోజున. లోపల దొరికిన వాళ్ళని ముఖం చూసి పోల్చుకునే స్థితి లేదు. అయినా బట్టలూ ఒంటి మీది వస్తువులూ చూసి పేర్లు చెప్పగలిగారంటే, అన్ని రోజులూ ఒడ్డున ఎదురుచూస్తూ మనుషులున్నారు కాబట్టి. ఆవిడ కోసం మా గట్టు మీద ఎవరూ లేరు.

ఎందుకు లేరు అన్నది నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. వెతకనివాళ్ళంతా చెడ్డవాళ్ళు కాదు. మా వైపు ఇంటికొకరు కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళిన రోజులవి, ఉత్తరం రాకపోతే "అక్కడ సేట్ ఫోన్ ఇవ్వట్లేదేమో" అనుకుని ఏళ్ళు గడిపిన ఇళ్ళు నాకు తెలుసు. ఇంకోరకం కూడా తెలుసు. పుట్టింటివాళ్ళు అత్తారింట్లో ఉందనుకుంటారు, అత్తారు పుట్టింటికి పోయిందంటారు, లేదంటే ఎవరితోనో వెళ్ళిపోయిందని చెప్పి పరువు కోసం ఆ పేరే ఎత్తకుండా తలుపులు వేసుకుంటారు. మిస్సింగ్ కేసు పెట్టని మనిషి ఏ రికార్డులోనూ తప్పిపోయినట్టు కాదు. అందుకే ఇంట్లో ఎవరైనా కనపడకపోతే సిగ్గుపడకుండా ఆ రోజే స్టేషనుకి వెళ్ళండి, మా పరిధి కాదు అంటే కాగితం మీద రాసిమ్మని అడగండి, వాళ్ళ చొక్కా కుట్టిన టైలరు పేరు, కట్టించుకున్న పన్ను, పచ్చబొట్టు, చెవిపోగు, బొడ్లో తాళాల గుత్తి, మీకు చిన్నదిగా అనిపించేది ప్రతీదీ ఫిర్యాదులో రాయించండి.

తప్పిపోయినవాళ్ళ కోసం, గుర్తు తెలియని మృతుల కోసం విడివిడిగా డీఎన్ఏ వివరాలు ఉంచాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, 2023లో వెనక్కి తీసుకున్నారు. నేరస్థుల వివరాలు, జనం గోప్యత గురించి వచ్చిన అభ్యంతరాలు నాకు సబబుగానే అనిపించాయి. కానీ తప్పిపోయిన కూతురి కోసం ఒక తల్లి తనంతట తను ఇచ్చే రక్తపుచుక్కకి ఎవరి అభ్యంతరం ఉంటుంది? ఆ ఒక్క ముక్కైనా విడిగా తెచ్చి ఉండాల్సింది.

ఆవిడ ఎముకల్ని పంచాయతీ తరఫున మా ఊరి శ్మశానంలో పాతిపెట్టారు. గొయ్యి తీసింది తలారి తాతే. ఆడమనిషి కదా అని ఆయన భార్య ఇంట్లోంచి పసుపూ కుంకుమా పొట్లం కట్టి ఇచ్చింది, దాన్ని కూడా లోపల పెట్టాడు. మూడు తాటిచెట్లలో మధ్యదాని మొదట్లో నల్లరాయి పాతి, "ఎప్పుడైనా ఎవరైనా వస్తే చూపించాలి గదండీ" అని నాన్నతో అన్నాడు. తాత పోయి చాలా ఏళ్ళైంది, రాయి ఉంది, మొన్న సంక్రాంతికి కూడా చూసొచ్చాను. మా నేల తడి నేల, అయినా దవడ పళ్ళలో డీఎన్ఏ చాలాకాలం నిలుస్తుంది. తల్లి నుంచి వచ్చే భాగం పోల్చడానికి తల్లి బతికుండాల్సిన అవసరం కూడా లేదు, అదే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్ళ పిల్లలు ఎవరున్నా చాలు.

కాబట్టి ఆ రోజు పేపర్లో రావాల్సిన వార్త ఇక్కడ నేను రాస్తున్నాను. వయసు పాతికా ముప్ఫై మధ్య. ఎత్తు ఐదడుగులు. కాళ్ళకి గవ్వ అచ్చు పోసిన వెండి మట్టెలు. బొడ్లో పెద్ద పిన్నీసు, దానికి మూడు తాళంచెవులు: పొడుగాటి ఇత్తడిది ఒకటి, కప్పతాళానిది ఒకటి, కంతలో దారం ముడి వేసిన చిన్నది ఒకటి. 1997 జూన్‌కీ 1998 ఏప్రిల్‌కీ మధ్య మీ ఇంట్లోంచో మీ వీధిలోంచో వెళ్ళి మళ్ళీ కబురు లేని ఆడమనిషి ఎవరైనా ఉన్నారా? ఆ తర్వాత తాళంచెవి దొరక్క, ఆమె ట్రంకుపెట్టె తాళం పగలగొట్టి తీయాల్సొచ్చిందా?